ఒప్పుకోనివాడి కోసమే ప్రసంగం

హైస్కూలు టీచర్ల స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. వెనక బల్లల దాకా వినపడుతోందా? లేదా? ఆ ఫ్యాను కాస్త తగ్గించండి సార్... ఇప్పుడు? సరే. ఈ ఫ్యాను సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

తొమ్మిది, పది తరగతుల పిల్లల చేత ఒప్పించే ప్రసంగం ఎలా చేయించాలి అన్నది ఇవాళ్టి విషయం. వక్తృత్వ పోటీల గురించి కాదు. ఆగస్టు 15కి స్టేజీ ఎక్కి గొంతు చించుకుని చెప్పేది దానికదే వేరు. ఇది క్లాసులో పని. 45 నిమిషాల పీరియడు, ఎదురుగా నలభై మంది తోటి పిల్లలు, నాలుగు నిమిషాల సమయం. ఆ నాలుగు నిమిషాలకు ముందు 'కాదు' అన్నవాళ్లలో కొందరి చేతైనా 'సరేలే, చూద్దాం' అనిపించాలి. అంతే. చాలా చిన్న పని, చాలా కష్టమైన పని.

ముందు అంశాల దగ్గరే దెబ్బ తింటాం. మనం బోర్డు మీద ఏం రాస్తాం? ప్లాస్టిక్ నిషేధం. చెట్ల పెంపకం. స్వచ్ఛత. ఒక్కసారి ఆలోచించండి, మీ క్లాసులో చెట్లు పెంచకూడదనే పిల్లవాడు ఒక్కడైనా ఉన్నాడా? లేడు. లేనప్పుడు ఒప్పించేది ఎవరిని? అందరూ ఒప్పుకున్న విషయం మీద నాలుగు నిమిషాలు మాట్లాడితే అది ప్రార్థన అవుతుంది కానీ ప్రసంగం కాదు. ఇంకొకటుంది, 'సెల్‌ఫోను - లాభనష్టాలు'. అది వ్యాసం. లాభాలు ఆరు, నష్టాలు ఆరు, చివర 'మితంగా వాడుకోవాలి'. విన్నవాడు లేచి వెళ్లి ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యక్కర్లేదు.

అంశాన్ని రెండు ప్రశ్నలతో గీటుపెట్టి చూడండి. ఈ గదిలో దీనికి ఎదురు చెప్పేవాడు ఉన్నాడా? ఒప్పుకుంటే ఈ గదిలో వాళ్లు వారంలోపు చెయ్యగలిగిన పని ఏదైనా ఉందా? రెండింటికీ 'ఉంది' అని రావాలి. 'ప్లాస్టిక్ నిషేధం' అంటే రాదు. 'మన బడి వార్షికోత్సవానికి ఫ్లెక్సీ వద్దు, గుడ్డ బ్యానరే కడదాం' అనండి, వెంటనే వస్తుంది. ఫ్లెక్సీ మీద తన ఫోటో పడాలనుకునే పిల్లవాడు అప్పుడే మొహం ముడుచుకుంటాడు. ఆ ముడుచుకున్న మొహమే మనకి కావలసింది.

ఇవాళంతా ఒకే ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. 'పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లం బడికి బండి మీద రావద్దు.' దీన్ని తీసుకోవడానికి కారణం మీకు తెలుసు, సైకిల్ స్టాండు పక్కన ఎన్ని స్కూటీలుంటాయో మీరు రోజూ చూస్తున్నారు. దీనికి ఎదురు చెప్పేవాళ్లు క్లాసులో తప్పకుండా ఉంటారు. గట్టిగానే చెప్తారు.

మొదటి పని రాయడం కాదండీ, చీటీలు పంచడం. పేర్లు లేని చీటీలు. దాని మీద మూడు మాటలు: ఒప్పుకుంటా, ఒప్పుకోను, తేల్చుకోలేదు. ఒక దానికి టిక్కు పెట్టాలి, కింద ఎందుకో ఒక్క వాక్యం రాయాలి. 40 చీటీల్లో 12 ఒప్పుకునేవి, 10 ఒప్పుకోనివి, 18 తేల్చుకోనివి వచ్చాయనుకుందాం. ప్రసంగం ఎవరి కోసం రాయాలి? ఆ 12 మంది కోసం రాస్తే చప్పట్లు వస్తాయి, పని జరగదు. ఆ 10 మందిలో చాలామందిని నాలుగు నిమిషాల్లో కదిలించలేం. గురి ఆ 18 మంది మీద. అయితే సరుకు మాత్రం ఆ 10 మంది రాసిన వాక్యాల్లో దొరుకుతుంది. తేల్చుకోనివాడి మనసులో తిరిగేవి కూడా ఆ మాటలే కాబట్టి.

ఏం రాస్తారు వాళ్లు? 'మా ఊరు ఆరు కిలోమీటర్లు, బస్సు ఎనిమిదింటికే వెళ్లిపోతుంది.' 'నాన్న పొలం వెళ్తాడు, దింపేవాళ్లు లేరు.' 'సాయంత్రం ట్యూషన్ అయ్యేసరికి ఏడవుతుంది.' చూశారా, ఒక్కడు కూడా 'నాకు సరదా' అని రాయడు. సరదా ఉండదని కాదు, చెప్పుకునే కారణం మాత్రం బస్సు. ఆ కారణానికి జవాబు లేకుండా ఎన్ని నీతులు చెప్పినా వినరు.

ఇక సరుకు సేకరణ. ఇక్కడ పిల్లలు వాట్సాప్‌లో వచ్చిందల్లా తెస్తారు. మీరు అడగాల్సింది ఒక్కటే, 'ఇది ఎక్కడుంది, చూపించు.' మన ఉదాహరణకి చట్టమే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం, నాలుగో సెక్షను. 18 ఏళ్లు నిండనిదే బహిరంగ స్థలంలో మోటారు వాహనం నడపకూడదు. 50 సీసీ మించని బండికి మాత్రం 16 ఏళ్లు. పిల్లలు ఇక్కడే పట్టుకుంటారు, 'సార్, నాకు పదహారు నిండాయి' అని. నిండినా లైసెన్సు తీసుకోవాల్సిందే. పైగా నీ బండి ఎన్ని సీసీ? ఆర్‌సీ తీసి చూడమనండి. మన ఇళ్లలో ఉండే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ అంతకు మించినవే.

2019లో ఆ చట్టాన్ని సవరించి 199ఏ అని ఒక సెక్షను చేర్చారు. మైనరు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులు లేదా బండి యజమాని బాధ్యులవుతారు. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. తమకు తెలియకుండా తీసుకెళ్లాడని రుజువు చేసుకుంటే పెద్దవాళ్లు బయటపడొచ్చు. కానీ రోజూ బడికి వేసుకెళ్లే బండి గురించి 'నాకు తెలియదు' అని ఏ నాన్న అనగలడు?

ఇన్ని అంకెలున్నాయి కదా అని అన్నీ చెప్పించకండి. నాలుగు నిమిషాల ప్రసంగంలో రెండు అంకెలు నిలుస్తాయి, మూడోది వస్తే మొదటిది జారిపోతుంది. ఏ రెండు? పదిహేనేళ్ల పిల్లవాడికి 'మూడేళ్ల జైలు' అంటే నమ్మడు, అది నాన్న సంగతి కూడా. '25 ఏళ్లు వచ్చేదాకా నీకు లైసెన్సు రాదు' అంటే ఉలిక్కిపడతాడు. ఇంటర్, డిగ్రీ, మొదటి ఉద్యోగం, అన్నీ బస్సులోనే! అది వాడి సంగతి. రెండోది 25,000. రెండిట్లోనూ 25 ఉంది, గుర్తుండిపోతుంది.

అంకె కంటే గట్టిది ఇంకొకటుంది, కళ్లకు చూపించడం. గంటకు 40 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు ఎంత? 40,000 మీటర్లని 3,600తో భాగించండి. 11 మీటర్ల పైచిలుకు. కుక్క అడ్డం వచ్చింది. కన్ను చూసి, బుర్రకెక్కి, చెయ్యి బ్రేకు నొక్కేసరికి ఒక సెకను పోయిందనుకుందాం. ఆ సెకనులో బండి 11 మీటర్లు పోయింది, బ్రేకు ఇంకా పట్టనే లేదు. దీన్ని నోటితో చెప్పించకండి. పీరియడుకు ముందే టేపు తీసుకుని వరండాలో సుద్దముక్కతో రెండు గీతలు గీయించండి, మధ్యలో 11 మీటర్లు. ఒక గీత మీద 'కుక్క కనిపించింది', రెండో దాని మీద 'బ్రేకు పడింది'. మొదటి గీత క్లాసు గుమ్మం దగ్గరుంటే రెండోది పక్క క్లాసు దాకా పోతుంది. ప్రసంగంలో మాట్లాడే పిల్ల అనాల్సింది ఒక్క మాట, 'మీరు లోపలికొస్తూ తొక్కిన ఆ రెండు గీతలు ఏంటో తెలుసా?' ఇంకేం అక్కర్లేదు. అందరూ గుమ్మం వైపు చూస్తారు. సైన్సు మాస్టారు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? మీ తొమ్మిదో తరగతి చలనం పాఠం ఇదే కదండీ. బ్రేకు పడ్డాక ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు. ఆ ముక్క మీరు మీ పీరియడులో చెప్పండి, ప్రసంగంలోకి తోస్తే బరువెక్కుతుంది.

ఒక హెచ్చరిక. ప్రమాదాల ఫోటోలు, రక్తం, ఏడుపులు వద్దు. భయం ఎక్కువైతే వినేవాడు తల తిప్పుకుంటాడు, లేకపోతే నవ్వేస్తాడు. ఊళ్లో పడిపోయిన పిల్లవాడి పేరు అసలే వద్దు. వాడి చెల్లెలు అదే క్లాసులో కూర్చుని ఉండొచ్చు.

ఇప్పుడు కూర్పు. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ ప్రొఫెసరు ఆలన్ మన్రో 1930ల్లో ఐదు మెట్ల పద్ధతి ఒకటి పెట్టారు. చెవి ఒగ్గేలా చెయ్యి, ఇబ్బంది చూపించు, మార్గం చెప్పు, అది జరిగితే ఎలా ఉంటుందో కళ్లకు కట్టు, పని అడుగు. మనం దాన్ని కాస్త మార్చుకుందాం. నాలుగు నిమిషాలు అంటే 240 సెకన్లు. మొదలు 30, ఇబ్బంది 60, మార్గం 50, ఎదుటివాడి మాటకి జవాబు 60, అడగడం 40. రాసుకోండి, ఇది ముఖ్యం. కళ్లకు కట్టడం ఏదీ అంటారా? మార్గంలోనే కలిపేశాం. పిల్లలకి ఐదు ముక్కలకంటే ఎక్కువైతే చేతిలో నిలవవు.

ఈ 240లో పిల్లలు ఎక్కడ పారబోస్తారో చెప్పనా? 'గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులవారికి, నాకు విద్యాబుద్ధులు నేర్పిన ఉపాధ్యాయులకు, నా తోటి విద్యార్థినీ విద్యార్థులకు నా హృదయపూర్వక నమస్సుమాంజలులు. ఈరోజు నేను మాట్లాడబోవు అంశము...' గడియారం పెట్టి చూడండి, పాతిక సెకన్లు. మొదలు అయిపోయింది! రోజూ పక్క బల్లలో కూర్చుని టిఫిన్ బాక్సు పంచుకునేవాళ్లకి నమస్సుమాంజలులు ఎందుకండీ? 'అందరికీ నమస్తే' చాలు. వెంటనే గుమ్మం వైపు చెయ్యి చూపించి, 'ఆ రెండు గీతలు...'

ఎదుటివాడి మాటకి 60 సెకన్లు ఇచ్చాను, ఎక్కువ అనిపించిందా? అసలు ప్రసంగం అక్కడే ఉంది. పిల్లలు సాధారణంగా ఏమంటారంటే, 'కొందరు మూర్ఖంగా వాదిస్తారు, వాళ్లకి ప్రాణం విలువ తెలియదు.' అయిపోయింది, ఆ 18 మంది అక్కడే తలుపేసుకున్నారు. దాని బదులు ఇలా అనిపించండి: 'ఎనిమిదింటి బస్సు పోతే మళ్లీ పదింటికే. ఆరు కిలోమీటర్లు నడిచి రమ్మంటావా అని మీరు అడుగుతారు. నిజమే. నడిచి రమ్మని నేను అనను. నడిస్తే మొదటి పీరియడు పోతుంది. అందుకే నేను అడుగుతున్నది బండి మానమని మాత్రమే కాదు, బస్సు మార్పిద్దామని.' విన్నారా? ముందు 'నిజమే' వచ్చింది. చీటీలో వాడు రాసిన మాటనే, వాడికంటే బాగా చెప్పింది. అప్పుడు జవాబు చెప్పింది. 'నిజమే' అనకుండా జవాబు చెప్తే అది పోట్లాట.

ఇక అడగడం. శ్రీకృష్ణ రాయబారం మనందరికీ తెలిసిందే. అర్ధరాజ్యం దగ్గర మొదలైన బేరం చివరికి ఎక్కడికొచ్చింది? అయిదూళ్లు. లెక్కపెట్టుకోదగ్గ, ఇవ్వగలిగిన అయిదూళ్లు. దుర్యోధనుడు ఇవ్వలేదు, అది వేరే సంగతి. కానీ ఏమడిగారో తెలియలేదని ఆ సభలో ఎవరూ అనలేకపోయారు. మన పిల్లలు మాత్రం 'కావున మనమందరం బాధ్యతగా మెలగాలి' అని ముగిస్తారు. బాధ్యత అంటే ఎన్ని ఊళ్లు? మన ఉదాహరణలో ఇలా అడగొచ్చు: 'ఈ కాగితం ఆర్టీసీ డిపో మేనేజరు గారికి రాసిన అర్జీ. ఎనిమిదింటి బస్సుని ఎనిమిదిన్నరకి మార్చమని. బెల్లు కొట్టేలోపు సంతకం పెట్టండి. హెచ్‌ఎం గారి సంతకంతో శనివారం పంపిస్తాం.' ఒక కాగితం, ఒక సంతకం, ఒక రోజు. సంతకంతోపాటు 'సోమవారం నుంచి బండి మానండి, ఇంట్లో నాన్నకి చెప్పండి, హెల్మెట్ కొనండి' అని ఇంకో మూడు చేర్చారనుకోండి, ఏదీ చెయ్యరు. ఒక్కటే అడగాలి. ఒక్కటే.

భాష దగ్గరికొద్దాం. తెలుగు టీచర్లు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి ఇక్కడ కాస్త నిలబడతాను. మన భాషలో క్రియ చివర వస్తుంది. అవునో కాదో కూడా చివరే తెలుస్తుంది. 'పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు తల్లిదండ్రుల అనుమతితో తమ గ్రామం నుంచి పాఠశాలకు ద్విచక్రవాహనంపై ప్రయాణించడం చట్టరీత్యా...' ఇక్కడిదాకా విన్నవాడికి ఏం తెలిసింది? తప్పా, ఒప్పా? కాగితం మీదైతే కన్ను ముందుకు పరుగెత్తి చూసుకుంటుంది. చెవికి ఆ వీలు లేదు. అందుకని చెప్పే వాక్యం పది, పన్నెండు మాటలు దాటకూడదు. 'లేచి, తయారై, బండి తీసి, స్నేహితుణ్ణి ఎక్కించుకుని' అని దారం లాగుతూ పోకూడదు. రెండు 'చేసి'లు వచ్చాక ఫుల్‌స్టాపు పెట్టించండి.

రెండోది, మనం, మేము. ఇంగ్లీషులో ఈ సౌకర్యం లేదు, మనకుంది, వాడుకోవాలి. 'మీరు బండి నడపకూడదు' అంటే పోలీసు. 'మేము నడపం' అంటే గొప్ప. 'మనం బస్సు మార్పిద్దాం' అంటే వినేవాడు కూడా లోపలికొచ్చాడు. తప్పు గురించి చెప్పేటప్పుడు కూడా 'మనలో కొందరం' అనిపించండి.

మూడోది చిన్నది, కానీ కొంప ముంచుతుంది. 'ట'. 'జరిమానా పాతికవేలు ఉందట.' ఆ ఒక్క అక్షరంతో ఏమైంది? 'నేను చూడలేదు, ఎవరో అన్నారు' అని తనే ఒప్పుకుంది. చూసి ఉంటే 'ఉంది' అనాలి, చూడకపోతే ఆ మాట తీసెయ్యాలి. చిత్తుప్రతిలో 'అట'లన్నీ ఎర్ర ఇంకుతో చుట్టించండి. ఇక యాస మాట. పిల్లవాడు ఇంట్లో 'పోతున్నం' అంటే ప్రసంగంలోనూ 'పోతున్నం' అననివ్వండి. 'వెళ్లుచున్నాము' అని దిద్దారో, వాడి గొంతు పోయి గైడు గొంతు వస్తుంది.

నిడివి ఎంత? నెమ్మదిగా, తెలిసేలా మాట్లాడితే తెలుగులో నిమిషానికి వంద మాటలు, కాస్త అటూ ఇటూ. కాబట్టి నాలుగు నిమిషాలకు 400 మాటలు. పిల్లలు 700 రాసుకొస్తారు. వాళ్లని చదవమనకండి, కొట్టెయ్యమనండి. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి ఎవరిది వాళ్లు కొలుచుకోవాలి, అందరి వేగం ఒకటి కాదు.

రాసింది బట్టీ పట్టొద్దు. ఎందుకు వద్దు? బట్టీ పట్టినది పూసల దండ, ఒక పూస జారితే మొత్తం రాలుతుంది. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు, ఈ నాలుగూ నోటికి రావాలి. మిగతాది కార్డుల మీద. పోస్టుకార్డు సైజు అట్టముక్కలు ఐదు, ప్రసంగంలో ఒక్కో భాగానికి ఒక్కో కార్డు, కార్డు మీద నాలుగైదు మాటలు, పెద్ద అక్షరాలతో. పైన నంబరు వేయించండి, కింద పడితే మళ్లీ పేర్చుకోవడానికి. పూర్తి కాగితం చేతిలో ఉంటే రెండు నష్టాలు, కళ్లు దాన్ని వదలవు, వణుకు దాని అంచుల్లో కనిపిస్తుంది. అట్ట వణకదు.

సాధన ఐదుసార్లు. కూర్చుని మనసులో అనుకుంటే లెక్కకి రాదు, నిలబడి పైకి చెప్పాలి. మొదటి రెండుసార్లు కాగితంతో, మూడోసారి కార్డులతో. నాలుగోసారి ఫోనులో రికార్డు చేసి వినాలి. వినడం ఇబ్బందిగా ఉంటుంది, వినాల్సిందే. 'అంటే... అంటే...' ఎన్నిసార్లు వచ్చిందో అప్పుడే తెలుస్తుంది. ఐదోసారి ఖాళీ క్లాసురూములో, స్నేహితురాలిని చివరి బల్లలో కూర్చోబెట్టి, ఫ్యాను పూర్తిగా తిప్పి. చెప్పానుగా ఫ్యాను మళ్లీ వస్తుందని! ఇంట్లో వినపడిన గొంతు మన క్లాసురూముల్లో వినపడదు. అరవాలని కాదు, మాట చివర మింగకూడదు. మన క్రియ చివరే ఉంటుంది కదా, అది మింగితే మొత్తం పోయినట్టే.

క్లాసులో నిలబడ్డాక జరిగేది ఒకటే, వేగం. భయానికి నాలుగు నిమిషాల ప్రసంగం రెండున్నరకి ముగుస్తుంది. దానికి మందు, కార్డు మార్చినప్పుడల్లా ఊపిరి పీల్చుకోవడం. అంకె చెప్పాక మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టుకోవడం. 'పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు'... ఒకటి... రెండు... ఇప్పుడు తర్వాతి మాట. చూపు ఎడమ బల్లలో ఒకరి మీద, మధ్యలో ఒకరి మీద, కుడివైపు ఒకరి మీద, వాక్యానికొకరు. టీచరు వైపు చూడొద్దు. అందుకని మీరు ముందు కూర్చోకండి, చివరి బల్లకి పోండి.

సర్దుబాటు లెక్క చూసుకోండి. నాలుగు నిమిషాలు మాట, ఒక నిమిషం మార్పు. పీరియడుకు ఎనిమిది మంది, 40 మందికి ఐదు పీరియడ్లు. అంత దొరకదంటారా? అయితే మూడు నిమిషాలకి కుదించండి. గుంపుకొకడు మాట్లాడటం మాత్రం పెట్టకండి, మాట్లాడేవాడే మళ్లీ మాట్లాడతాడు.

మార్కులు 20 అనుకుంటే గొంతుకీ హావభావాలకీ 5 దాటనివ్వకండి. వినేవాడిని పట్టించుకున్నందుకు 5, ఆధారానికి 5, జవాబుకి, అడిగినదానికి 5. మరి వినేవాళ్ల పనేంటి? ప్రసంగం అవగానే ప్రతివాడూ చీటీ మీద ఒక్క వాక్యం రాయాలి, 'నన్ను ఏం చెయ్యమంది?' ఆ చీటీలు మాట్లాడిన పిల్లకే ఇచ్చెయ్యండి. 30 చీటీల్లో 'సంతకం పెట్టమంది' అని ఉంటే బాగా చెప్పినట్టు. పది రకాల జవాబులుంటే మీరేమీ విమర్శించక్కర్లేదు, చీటీలే చెప్తాయి. మొదట పంచిన మూడు మాటల చీటీ కూడా మళ్లీ పంచండి. 18లో నలుగురు జరిగినా అది మంచి ప్రసంగమే.

ఏంటి మేడమ్, అడగండి... లేచి నిలబడి నోరు తెరవలేనివాళ్లని ఏం చెయ్యాలి అంటున్నారు. ప్రతి క్లాసులో ముగ్గురు, నలుగురు ఉంటారు. 'పర్లేదు, ధైర్యంగా చెప్పు' అనకండి, ఆ మాటతో నలభై మందీ వాడి భయాన్నే చూస్తారు. 'రెండో కార్డు మీద ఏముంది?' అని అడగండి, మామూలు గొంతుతో. వాడు చదువుతాడు. 'అంటే?' అనండి. అప్పుడు వాడు మీకు జవాబు చెప్పడం మొదలుపెడతాడు. రెండు వాక్యాలు వచ్చాక మీరు మెల్లగా మీ చివరి బల్లలోకి జరిగిపోండి. ఇంకొక ప్రశ్న? ఆ వెనక సార్... ఫ్యాను ఆపేయండి ఇక, వినపడటం లేదు.